నల్ల దట్టీ వెనక కథ

1883లో టోక్యోలో ఇద్దరు కుర్రాళ్లకు జూడోలో మొట్టమొదటి దాన్ దక్కింది. ఒకడు సైగో షిరో, పదిహేడేళ్లవాడు. రెండోవాడు తొమితా త్సునెజిరో, అతనికంటే ఏడాది పెద్ద. ఆ రోజున వాళ్ల నడుముకు కొత్తగా ఎవరూ ఏమీ కట్టలేదు. నల్ల బెల్టు అనేది అప్పటికి లోకంలో పుట్టనేలేదు. దానికి ఇంకా మూడేళ్లు పట్టింది.

దాన్ అంటే మెట్టు. మొదటి దాన్‌ను జపాన్‌లో ‘షోదాన్’ అంటారు. ‘షో’ అంటే ఆరంభం. ఓనమాలు దిద్దడం అయిందనీ, ఇక చదువు మొదలుపెట్టవచ్చుననీ దాని భావం. మన వీధుల్లో బ్లాక్ బెల్ట్ అనగానే చెయ్యి తిరిగిన యోధుడన్న బొమ్మ కళ్లముందు కదులుతుంది. పుట్టింటివాళ్లు మాత్రం ఆ మాటకు అంత బరువు పెట్టలేదు. ఆ బరువు దారిలో ఎక్కింది. ఎక్కించినవాళ్లు చాలామంది.

ఇద్దరికీ దాన్ ఇచ్చిన గురువు కనో జిగొరో కూడా అప్పటికి కుర్రవాడే. టోక్యో విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని, ఇరవై రెండు నిండకుండానే 1882లో ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో తన బడి పెట్టాడు. పన్నెండు చాపలంటే ఓ మోస్తరు హాలంత చోటు. మొదటి ఏడాది చేరిన శిష్యులు తొమ్మిదిమంది. ఆ బడి పేరు కొడోకాన్. ఈ రోజు ప్రపంచంలో కరాటే, టైక్వాండో, జూడో, జుజుత్సు పేరిట ఎవరి నడుముకు ఏ రంగు బెల్టు కనిపించినా, దాని మూలం వెతుక్కుంటూ వెళితే ఆ హాలు గుమ్మం దగ్గర తేలుతాం.

కనో నేర్చుకున్న పాత జుజుత్సు గురుకులాల్లో పద్ధతి వేరు. అక్కడ రంగులూ అంకెలూ లేవు, కాగితపు చుట్టలున్నాయి. కొన్నేళ్లు సేవ చేశాక గురువు ఒక చిన్న పత్రం ఇస్తాడు. మరికొన్నేళ్లకు పట్ల పేర్ల జాబితా ఉన్న ‘మొకురొకు’ అనే చుట్ట చేతికొస్తుంది. ఆ తర్వాత ‘మెన్క్యో’ అనే అనుమతి. చిట్టచివర ‘మెన్క్యో కైదెన్’, అంటే గురువు దగ్గర ఇక దాచింది ఏమీ లేదన్న ఒప్పుకోలు. ఒక చుట్టకూ ఇంకో చుట్టకూ మధ్య ఏళ్లకేళ్లు గడిచేవి. ఇంత ఎడం ఉంటే నేర్చుకునేవాడికి ఉత్సాహం చచ్చిపోతుందని కనోకు తోచింది. మెట్లు దగ్గర దగ్గరగా ఉంటే ఎక్కేవాడు ఆగడు. బడిపంతులు ఆలోచన అది. కనో జీవితాంతం బడిపంతులే.

ఆ మెట్లను ఆయన కుస్తీ గోదాలోంచి తీసుకోలేదు, ఆటబల్ల మీంచి తీసుకున్నాడు. నల్లరాళ్లు, తెల్లరాళ్లతో ఆడే ‘గో’ ఆటలో 17వ శతాబ్దంలోనే హొనింబో దోసాకు అనే మేటి ఆటగాడు ఆటగాళ్ల బలాన్ని తొమ్మిది దాన్‌లుగా విడగొట్టాడు. అక్కడ దాన్‌కు పచ్చి ఉపయోగం ఒకటుంది. ఇద్దరి మధ్య ఎన్ని దాన్‌ల తేడా ఉందో చూసి, బలహీనుడికి ఎన్ని రాళ్ల వెసులుబాటు ఇవ్వాలో లెక్కగట్టేవారు. పరువు కోసం పెట్టిన అంకె కాదది, కొలబద్ద. కనో ఆ కొలబద్దను మనుషుల ఒంటి మీదికి తెచ్చాడు.

1886 ప్రాంతంలో దాన్ ఉన్నవాళ్లు నల్ల దట్టీ కట్టుకోవడం మొదలైంది. కిమోనో మీద చుట్టుకునే మామూలు దట్టీయే అది. చాప మీద ఎవరితో తలపడుతున్నామో ఎదుటివాడికి దూరం నుంచే తెలియడానికి అది సుళువైన గుర్తు. ఇప్పుడు మనకు తెలిసిన దళసరి తెల్ల బట్టలు, వాటిమీద ఇరుకైన బెల్టు 1907 నాటివి. ఆ తర్వాత పెద్ద దాన్‌లకు ఎరుపు, తెలుపు ముక్కల బెల్టూ, తొమ్మిది, పది దాన్‌లకు నిండు ఎరుపూ వచ్చాయి.

ఇక్కడ ఒక కట్టుకథను పక్కకు నెట్టాలి. తెల్ల బెల్టును ఉతకకుండా ఏళ్ల తరబడి కట్టుకుంటే చెమటకూ మట్టికీ మాగి నల్లబడుతుందనీ, బ్లాక్ బెల్ట్ అలా పుట్టిందనీ చాలా శిక్షణ కేంద్రాల్లో పిల్లలకు చెబుతారు. వినడానికి బాగుంటుంది. జపాన్ వాళ్ల శుభ్రత తెలిసినవాళ్లెవరూ దీన్ని నమ్మరు. పైగా చెమట పట్టిన తెల్లగుడ్డ ముందు పసుపు తిరుగుతుంది, తర్వాత చీకిపోతుంది. నల్ల బెల్టుకు నల్ల రంగే అద్దారు.

ఆ మొదటి ఇద్దరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. కనో యూరప్ వెళ్లి ఉన్న సమయంలో, 1890లో, సైగో కొడోకాన్‌ను వదిలి వెళ్లిపోయాడు. తర్వాతి జీవితం నాగసాకిలో పత్రికా వ్యాసంగంతో గడిచింది. 1922లో ఆయన పోయాక కనో ఆరో దాన్ ప్రకటించాడు. ముప్ఫై రెండేళ్ల కిందట తలుపు దాటి వెళ్లిన శిష్యుడికి గురువు పంపిన పట్టా అది. తొమితా కొడుకు త్సునెయో రచయిత అయ్యాడు. సైగో ఛాయల్లో ఒక కథానాయకుణ్ని అల్లి ‘సుగాతా సన్షిరో’ నవల రాశాడు. కురొసావా అకిరా 1943లో తీసిన తొలి సినిమా దాని ఆధారంగానే. అలా మొదటి ఇద్దరు దాన్‌లలో ఒకరి కొడుకు రెండోవారికి కథ రాసిపెట్టాడు.

కనో పద్ధతిలో పరీక్ష అంటే ముఖ్యంగా పడగొట్టడమే. కొడోకాన్‌లో 1884 నుంచీ ‘ఎరుపు తెలుపు పోటీలు’ జరుగుతున్నాయి. శిష్యుల్ని రెండు జట్లు చేసి వరసగా నిలబెడతారు. గెలిచినవాడు దిగడు, తర్వాతివాడు వస్తాడు. అలా వరసపెట్టి కొందరిని పడేసినవాడికి అక్కడికక్కడే పై దాన్ ఇచ్చే ఆనవాయితీ కూడా ఉంది. వాదనకు తావులేని కొలత ఇది. వీపు నేలకు తగిలిందా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది.

ఈ బెల్టు కరాటేకు అరువు వెళ్లినప్పుడు ఆ స్పష్టత వెంట వెళ్లలేదు.

ఒకినావా దీవి నుంచి ఫునకోషి గిచిన్ అనే బడిపంతులు 1922లో టోక్యో వచ్చి కరాటే ప్రదర్శన ఇచ్చాడు. కనో ఆయనను కొడోకాన్‌కు పిలిపించి చూపించమన్నాడు. ఒకినావాలో కరాటేకు ప్రత్యేకమైన దుస్తులు లేవు, దర్జాలు లేవు. ఎవరి పెరట్లో వాళ్లు, ఒంటి మీద ఉన్న బట్టలతో నేర్చుకునేవారు. టోక్యోలో నిలదొక్కుకోవాలంటే అక్కడి మర్యాదలు పాటించాలి కదా. ఫునకోషి జూడో తరహా తెల్లబట్టలు తీసుకున్నాడు, బెల్టు తీసుకున్నాడు, 1924 ఏప్రిల్‌లో తన శిష్యులు ఏడుగురికి కరాటేలో తొలి దాన్‌లు ఇచ్చాడు. గమ్మత్తేమిటంటే ఇచ్చినవాడికి కరాటేలో ఏ దాన్ లేదు. ఉండే అవకాశమూ లేదు. కనోకు మాత్రం జూడోలో దాన్ ఎవరు ఇచ్చారు? ప్రతి పరంపరకూ తల దగ్గర పట్టా లేని మనిషి ఒకడుంటాడు.

ఫునకోషికి తలపడి కొట్టుకునే పోటీలంటే ఇష్టం లేదు. గుద్దు నిజంగా తగిలితే ప్రాణం మీదికొస్తుంది, తగలకపోతే గెలుపెవరిదో తేలదు. కాబట్టి పరీక్షలో ‘కటా’ పైకొచ్చింది. కటా అంటే ఊహలో ఉన్న శత్రువులతో ఒంటరిగా చేసే, అడుగూ చేయీ ముందే కట్టేసిన వరస. నాట్యపరీక్ష లాంటిదన్నమాట. నడుం నిలిచిందా, ఊపిరి కలిసిందా, చూపు ఎటుంది అని పరీక్షకుడు చూస్తాడు. పడగొట్టడం అందరికీ కనిపిస్తుంది గానీ కటా బాగుందో లేదో తెలిసినవాడే చెప్పాలి. కొలత నేల మీంచి పరీక్షకుడి కంట్లోకి మారింది. కరాటే బెల్టు చుట్టూ నేటికీ తెగని తగాదాలన్నింటికీ బీజం అక్కడుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దాన్‌లకు సర్కారు రంగు పూసింది దయ్ నిప్పొన్ బుతోకుకాయ్ అనే సంస్థ. 1895లో క్యోటోలో పుట్టి దేశంలోని యుద్ధవిద్యలన్నింటినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది. దాన్‌లతో పాటు రెన్షి, క్యోషి, హన్షి అని గురువులకు బిరుదులు పంచింది. 1933లో కరాటేను కూడా గుర్తించింది. యుద్ధంలో ఓడాక, 1946లో అమెరికన్ ఆక్రమణ కాలంలో, ఈ సంస్థ రద్దయింది.

ఇదంతా చూస్తూ చేతులు ముడుచుకున్న పెద్దమనిషి ఒకడున్నాడు. గోజుర్యు కరాటే స్థాపకుడు మియాగి చోజున్. బుతోకుకాయ్ ఆయనకు క్యోషి బిరుదు ఇచ్చింది, పుచ్చుకున్నాడు. శిష్యులకు మాత్రం ఆయన దాన్‌లు ఇవ్వలేదు. 1953లో పోయేదాకా ఆయన చేతి మీదుగా ఒక్క బ్లాక్ బెల్టూ వెళ్లలేదు. ఆయన శిష్యుల నడుములకు నల్ల బెల్టులు ఆ తర్వాత చేరినవే. ఈ రోజు ప్రపంచమంతటా గోజుర్యు బెల్టులు కట్టుకున్నవాళ్లకు ఈ ముక్క తెలిస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం అన్న పండగ రంగులు జపాన్ సరుకు కాదు. అవి యూరప్‌లో కలిశాయి. లండన్‌లో కొయిజుమి గుంజి 1918లో స్థాపించిన బుడోక్వాయ్ క్లబ్బులో 1920లలోనే రంగు బెల్టులు కనిపిస్తాయి. వాటిని ఊరూరా తిప్పింది మాత్రం జూడో గురువు కవైషి మికినొసుకె. 1935లో ఆయన పారిస్ చేరాడు. మరుసటి ఏడు అక్కడ పెట్టిన క్లబ్బులో ఆయనతో కలిసి పనిచేసిన మోషే ఫెల్డెన్‌క్రైస్ అణుభౌతిక ప్రయోగశాలలో పనిచేసే ఇంజనీరు. శిష్యుల్లో చదువుకున్నవాళ్లు, ఫీజు కట్టి సాయంత్రం గంటసేపు వచ్చేవాళ్లు. తెలుపు తర్వాత అయిదారేళ్లకు నలుపు అంటే వాళ్లు కూర్చోరు. కవైషి పట్లకు జపాన్ పేర్లు తీసేసి అంకెలు పెట్టాడు, మెట్టుకో రంగు పెట్టాడు, రంగుకో పాఠం పెట్టాడు. కనో పెద్ద ఎడాన్ని చిన్న ఎడాలుగా కోశాడు కదా, కవైషి ఆ చిన్న ఎడాలను మళ్లీ కోశాడు. ఆ రంగులు తర్వాత తిరిగి జపాన్ పిల్లల నడుములకే చేరాయి.

యుద్ధం తర్వాత కథ సైనిక శిబిరాల్లో నడిచింది. ఒకినావాలోనూ కొరియాలోనూ అమెరికన్ సైనికులు దిగారు. వాళ్లు ఉండేది ఏడాది, ఏడాదిన్నర. ఆ లోపల నేర్చుకోవాలి, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని ఇంటికి వెళ్లాలి. గురువుకు డాలర్లు కావాలి, సైనికుడికి బెల్టు కావాలి. తర్వాత సినిమా నటుడైన చక్ నోరిస్ కొరియాలో ఓసాన్ వైమానిక స్థావరంలో పనిచేస్తూ తాంగ్ సూ దో అనే కొరియా యుద్ధవిద్య మొదలుపెట్టింది 1950ల చివర్లో. అలాంటివాళ్లు ఇంటికి వెళ్లి పెట్టుకున్న బడులతోనే అమెరికాలో ‘బ్లాక్ బెల్ట్’ అనే మాట ఇంటింటి మాట అయింది. దూరదేశంలో ఆ బెల్టును సరిచూసే పెద్దలు ఎవరూ లేరు. కట్టుకుని దిగినవాడే గురువు.

కొరియా ఈ గందరగోళాన్ని దేశం స్థాయిలో సరిదిద్దుకుంది. వేరువేరు పేర్లతో ఉన్న బడులకు 1955లో టైక్వాండో అన్న పేరు కుదిరింది. 1972లో సియోల్‌లో కుక్కివాన్ అనే టైక్వాండో కేంద్రం కట్టారు. దాన్ పట్టా ఎవరి దగ్గర నేర్చుకున్నా అక్కడి పుస్తకంలో నమోదు కావాల్సిందే. ఒకటో దాన్ నుంచి రెండుకు ఏడాది, రెండు నుంచి మూడుకు రెండేళ్లు, మూడు నుంచి నాలుగుకు మూడేళ్లు, అలా పెరుగుతూ ఎనిమిది నుంచి తొమ్మిదికి తొమ్మిదేళ్లు ఆగాలి. పదిహేనేళ్లు నిండని పిల్లలకు దాన్ బదులు ‘పూమ్’ అని, సగం ఎరుపు సగం నలుపు బెల్టు ఉంటుంది. చిన్నపిల్లాడి నడుముకు నిండు నలుపు చూసి నవ్వేవాళ్లకు కొరియా ఇచ్చిన జవాబు అది, మర్యాదైన జవాబు. అయితే కొరియాలో ఒకటో మెట్టు ఎక్కడానికి ఏడాది చాలు. అక్కడ దాన్ని వింతగా ఎవరూ చూడరు. షోదాన్ అంటే ఆరంభమన్న పాత అర్థం కొరియాలో ఇంకా బతికుంది.

ఇంత కట్టుదిట్టమైన పుస్తకంలోనూ గౌరవ పట్టాలకు ఒక పేజీ ఉంది. డొనాల్డ్ ట్రంప్‌కు 2021లో కుక్కివాన్ అధ్యక్షుడు స్వయంగా ఫ్లోరిడా వెళ్లి గౌరవ తొమ్మిదో దాన్ ఇచ్చి వచ్చాడు. వ్లదీమిర్ పుతిన్‌కు 2013లో టైక్వాండో ప్రపంచ సమాఖ్య అదే మెట్టు ఇచ్చింది, యుక్రెయిన్ మీద దాడి చేశాక 2022లో వెనక్కు తీసుకుంది. పుతిన్‌ది జూడోలో నిజమైన సాధన. టైక్వాండోలో ఆయన ఎన్నడు తన్నాడో ఎవరూ అడగలేదు.

బ్రెజిల్ శాఖ మరో దారి పట్టింది. మొదటి ఇద్దరిలో రెండోవాడైన తొమితా 1904లో జూడో ప్రచారానికి అమెరికా వెళ్లాడు. వెంట తీసుకెళ్లిన కుర్రాడు మయేదా మిత్సుయో. మయేదా అక్కణ్నుంచి దేశదేశాలు తిరిగి, పందేలు కాసి కుస్తీలు పట్టి, చివరికి బ్రెజిల్‌లో బెలెం పట్నంలో స్థిరపడ్డాడు. అక్కడ కార్లోస్ గ్రేసీ ఆ విద్య పట్టుకున్నాడు. గ్రేసీ కుటుంబం దాన్ని నేలమీది పోరుగా, బ్రెజిలియన్ జుజుత్సుగా మలిచింది. 1967 దాకా వాళ్లకు తెలుపు, లేత నీలం, ముదురు నీలం తప్ప వేరే రంగులు పెద్దగా లేవు. తర్వాత తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు అన్న వరస కుదిరింది.

బ్రెజిలియన్ జుజుత్సులో చాలాచోట్ల పరీక్ష అంటూ ఒక రోజు ఉండదు. గురువు రోజూ చూస్తుంటాడు, ఒకనాటి సాయంత్రం సాధన అయ్యాక పిలిచి కొత్త బెల్టు కడతాడు. అంతర్జాతీయ సమాఖ్య మాత్రం కనీస గడువులు రాసిపెట్టింది. నీలంలో రెండేళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది. నలుపుకు పంతొమ్మిదేళ్లు నిండాలి. కాగితం మీద ఇంత తక్కువైనా మామూలు మనిషికి నలుపు చేరేసరికి పదేళ్లు దాటుతుంది. ఎందుకంటే అక్కడ బెల్టు అబద్ధమాడలేదు. వారానికి మూడుసార్లు ఎదుటివాడు నిజంగా మెడ పట్టుకుంటాడు. ఊదా బెల్టువాడు నీలం బెల్టువాడి చేతిలో రోజూ ఓడిపోతుంటే ఆ గది మొత్తానికి తెలుస్తుంది. హవాయీ కుర్రాడు బీ.జే. పెన్ మూడేళ్ల చిల్లరలో నల్ల బెల్టు తెచ్చుకుని, 2000లో ప్రపంచ పోటీ గెలిచి అందరి నోళ్లూ మూయించాడు. నలుపు తర్వాత కథ మళ్లీ కాలం మీదే నడుస్తుంది. అక్కడ డిగ్రీలని పిలిచే పై మెట్లలో ఏడోదానికి నల్ల బెల్టులో 31 ఏళ్లు గడపాలి. నిండు ఎరుపు కట్టుకోవడానికి కనీసం 67 ఏళ్లు రావాలి. కుర్రతనంలో బెల్టు బలానికి గుర్తు, ముసలితనంలో ఓపికకు గుర్తు.

వీటన్నింటి పక్కన కత్తివిద్య కెండోను పెడితే రంగులన్నీ వెలిసిపోతాయి. కెండోలో దాన్‌లున్నాయి, బెల్టుల్లేవు. కవచం తొడుక్కున్నాక ఎదుటివాడు రెండో దాన్ వాడో ఏడో దాన్ వాడో కట్టును బట్టి పోల్చలేం. నిలబడే తీరును బట్టి పోల్చుకోవాలి. ఎనిమిదో దాన్ పరీక్ష రాయాలంటే, రాయాలంటే అన్నది మాటవరసకే, 46 ఏళ్లు నిండాలి, ఏడో దాన్ వచ్చాక పదేళ్ల సాధన ఉండాలి. క్యోటోలోనూ టోక్యోలోనూ పరీక్షలు జరుగుతాయి. కొద్ది నిమిషాల పోరు, ముందు వరసలో పరీక్షకులు. ఉత్తీర్ణులు నూటికి ఒకరు. తల నెరిసిన మనుషులు ఏటేటా వస్తారు, తప్పుతారు, మళ్లీ వస్తారు. ఇంతా చేసి నెగ్గినవాడికి ఒంటిమీద కనిపించే గుర్తు ఏదీ దక్కదు. పైనున్న తొమ్మిది, పది దాన్‌లను 2000 నుంచి జపాన్ కెండో సమాఖ్య ఇవ్వడం మానేసింది.

మన వైపు సంప్రదాయాలకు బెల్టు అవసరం పడలేదు. కేరళ కలరిలో నడుముకు కచ్చ బిగిస్తారు, అది నడుము కాపాడుకోవడానికే. అక్కడ మెట్లు పాఠంలోనే ఉంటాయి. మెయ్‌త్తారిలో ఒళ్లు వంచాలి, కోల్‌త్తారిలో కర్ర పట్టాలి, అంకత్తారిలో కత్తి పట్టాలి, చివరికి వట్టి చేతులు. చేతిలో ఏముందో చూస్తే ఏ తరగతో తెలిసిపోతుంది. తెలుగు ఊళ్ల సాముగరిడీలలోనూ, హైదరాబాద్ పాతబస్తీ తాలింఖానాల్లోనూ ఉస్తాదు ఉంటాడు, శిష్యులుంటారు, మధ్యలో ఎవడు ఎవడికి పట్లు నేర్పగలడో అందరికీ తెలుసు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు ఇనుప గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నాడు. ఆయన ఏ మెట్టువాడని ఎవరడుగుతారు? పెద్దనకు రాయలు తొడిగిన గండపెండేరం లాంటివి మనకూ ఉన్నాయి. కానీ అవి ఏ ఒక్కరికో దక్కే సన్మానాలు, నెలనెలా ఫీజుతో ఎక్కే మెట్లు కావు. ఊరు చిన్నదైనప్పుడు, గోదా ఒక్కటే అయినప్పుడు గుర్తు ఎందుకు? ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్యనే బెల్టు పనికొస్తుంది.

కొడోకాన్ చదువు మన దేశంలో నేర్పించాలని రవీంద్రనాథ్ ఠాగూర్ పూనుకుని 1929లో తకగాకి షింజో అనే జూడో గురువును శాంతినికేతన్‌కు రప్పించాడు. అమ్మాయిలు కూడా నేర్చుకున్నారు. అది ఆ ఆవరణ దాటి పెద్దగా పాకలేదు. దేశాన్ని ఊపింది మాత్రం 1973 నాటి బ్రూస్ లీ సినిమా ‘ఎంటర్ ది డ్రాగన్’. ఆ తర్వాత పదేళ్లలో కరాటే బడులు తెలుగు పట్టణాల్లోకి వచ్చాయి. మద్రాసులో కరాటే నేర్చి బ్లాక్ బెల్ట్‌తో తెరమీదికొచ్చిన సుమన్‌ను చూసి ఎందరో కుర్రాళ్లు మేడల మీద తన్నులు సాధన చేశారు. తర్వాతి తరంలో పవన్ కల్యాణ్ చెన్నైలో షిహాన్ హుస్సైనీ దగ్గర కరాటే నేర్చుకున్నాడు. ఇక్కడొక చిన్న విడ్డూరం. ఏ బడి గోడ చూసినా బ్రూస్ లీ బొమ్మ ఉంటుంది. ఆయన హాంకాంగ్‌లో యిప్ మన్ దగ్గర నేర్చిన వింగ్ చున్‌లో బెల్టులే లేవు. తన సొంత పద్ధతిలోనూ ఆయన నడుముకు బెల్టు కట్టింది లేదు.

ఈ రోజున ఏ జిల్లా కేంద్రంలో చూసినా ఆదివారం పొద్దున బెల్టు పరీక్షలు జరుగుతుంటాయి. మూడునెలలకో రంగు, రంగుకో ఫీజు, ఫ్లెక్సీ మీద గ్రాండ్ మాస్టర్ గారి నిలువెత్తు ఫొటో. రంగుల్ని తిట్టడం తేలిక. కానీ కనో చెప్పినట్టు దగ్గరి మెట్లు పిల్లల్ని ఆపకుండా నడిపిస్తాయి, అది అబద్ధం కాదు. పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు అడగాల్సినవి రెండు ప్రశ్నలున్నాయి. ఈ పట్టా ఎవరి పుస్తకంలో నమోదవుతుంది? పరీక్షకు నేర్పిన మాస్టారు కాక బయటివాళ్లు ఎవరైనా వస్తారా? తడుముకోకుండా జవాబొస్తే ఆ బడి ఫరవాలేదు.

పుస్తకం ఎవరిదన్న ప్రశ్న పెద్దచోట్ల కూడా తెగలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ వీరుణ్ని పడగొట్టిన డచ్ మల్లుడు అంటన్ గేసింక్‌కు 1997లో అంతర్జాతీయ జూడో సమాఖ్య పదో దాన్ ఇచ్చింది. కొడోకాన్ జాబితాలో ఆయన పేరు చేరలేదు.

అంతకన్నా బరువైన ఉదాహరణ ఫుకుదా కెయికోది. కనోకు జుజుత్సు నేర్పిన తొలి గురువు ఫుకుదా హచినొసుకె మనవరాలు ఆమె. 1935లో కనో స్వయంగా పిలిస్తే కొడోకాన్ స్త్రీల విభాగంలో చేరింది. మగవాళ్లది నిండు నలుపైతే, ఆడవాళ్ల నల్ల బెల్టుకు నిలువునా ఒక తెల్ల చార ఉండేది. 1953లో ఆమెకు అయిదో దాన్ వచ్చింది. అక్కడితో ఆగిపోయింది. స్త్రీలకు అయిదు దాటకూడదన్నది కొడోకాన్ కట్టుబాటు. మగ శిష్యులు ఆమె దగ్గర నేర్చుకుని ఆమెను దాటి వెళ్లిపోయారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడి, పెళ్లి మానుకుని, ఆమె నేర్పుతూనే ఉంది. అమెరికా నుంచి ఉత్తరాలు వెళ్లాక 1972లో ఆరో దాన్ వచ్చింది. 2006లో, ఆమెకు 92 ఏళ్ల వయసులో, కొడోకాన్ తొమ్మిదో దాన్ ఇచ్చింది. అక్కడ ఆ మెట్టెక్కిన తొలి స్త్రీ ఆమె. 2011లో అమెరికా జూడో సంస్థ పదో దాన్ ప్రకటించింది. 2013లో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. అమెరికా పుస్తకంలో ఆమెది పదో దాన్, టోక్యో పుస్తకంలో తొమ్మిది. కొడోకాన్ తన చరిత్రలో పదో దాన్ ఇచ్చింది 15 మందికి. అందరూ మగవాళ్లే.